గుణుపురంలో ఉండి యూనివర్సిటీ డిగ్రీ: సరిహద్దు తెలుగువాళ్లకి దూరవిద్య దారి

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురంలో నాదొక చిన్న నెట్ సెంటర్. జూన్ వచ్చిందంటే ప్రింటరుకి ఊపిరాడదు. ప్లస్ టూ పాసైన పిల్లలు, పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన అక్కలు, డిగ్రీ లేక ప్రమోషన్ ఆగిన ఉద్యోగస్తులు వస్తారు. దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు: "బాబూ, వైజాగ్ యూనివర్సిటీకి డిస్టెన్స్ కట్టాలి, ఎంతవుద్ది?"

నేను వెంటనే ఫీజు చెప్పను. "పరీక్ష ఎక్కడికెళ్లి రాస్తావు?" అని అడుగుతాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. రాష్ట్రం నడిబొడ్డున ఉన్నవాళ్లకి ఈ ప్రశ్న పెద్దగా పట్టదు. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వాళ్లకి మాత్రం అసలు లెక్క ఇక్కడే మొదలవుతుంది. యూనివర్సిటీ ఒక రాష్ట్రంలో, మన సర్టిఫికెట్లు ఇంకో రాష్ట్రంలో, రేపటి ఉద్యోగం ఏ రాష్ట్రంలోనో తెలియదు. ఈ మూడూ కలిసేలా దారి వేసుకోకపోతే మూడేళ్ల కష్టం పెట్టెలో కాగితమై మిగులుతుంది.

వైజాగ్ పేరే ఎందుకు వస్తుందో కూడా చెప్పాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936 ఏప్రిల్ 1న. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఈ దక్షిణపు కాలేజీలకి ఆంధ్ర విశ్వవిద్యాలయమే దిక్కు. అక్కడి సైన్స్ కాలేజీకి ఉన్న పేరు మన జయపురం మహారాజు విక్రమదేవ వర్మది. ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన దాత ఆయన, అదీ ఆ రోజుల్లో. అంటే ఆ యూనివర్సిటీలో మన కోరాపుట్ కొండల డబ్బు కూడా ఉంది. ఒకప్పుడు రాజమండ్రిలో, శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో దానికి పీజీ క్యాంపస్‌లు ఉండేవి. రాజమండ్రిది 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం అయింది, ఎచ్చెర్లది 2008లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం అయింది. దూరవిద్య విభాగం 1972 నుంచీ ఉంది. మా నాన్నగారి తరం దాన్ని 'కరస్పాండెన్స్' అనేవారు. ఇప్పటికీ కొందరు పెద్దలు ఆ మాటే అంటారు.

ముందు తేల్చుకోవలసింది: ఈ డిగ్రీ ఎవరికి చూపిస్తారు?

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే డిగ్రీ ఎక్కడిదన్నది రెండో సంగతి. అక్కడ ముందు చూసేది ఒడియా. మిడిల్ స్కూల్ స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలన్న నిబంధన చాలా నోటిఫికేషన్లలో ఉంటుంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు డిగ్రీ ఫారం కొనకముందే ఈ సంగతి చూసుకోవాలి. లేదంటే చివర్లో ఏడుపే.

ఆంధ్రా ఉద్యోగం అయితే ఇంకో భ్రమ ఉంది. "వైజాగ్‌లో డిగ్రీ చేస్తే అక్కడ లోకల్ అయిపోతాం కదా" అంటారు. అవ్వరు. లోకల్ లెక్క స్కూలు చదువు ఎక్కడ సాగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. పదో తరగతి దాకా రాయగడ జిల్లాలో చదివి, దూరవిద్యలో వైజాగ్ డిగ్రీ తెచ్చుకుంటే మీరు నాన్‌లోకల్‌గానే ఉంటారు. కులం సర్టిఫికెట్ కూడా అంతే. ఒకే కులం ఒడిశాలో ఒక జాబితాలో, ఆంధ్రాలో మరో జాబితాలో ఉండొచ్చు. ఇక్కడి తహసీల్దారు ఇచ్చిన కాగితం అక్కడి ఫీజు రాయితీకి పనికొస్తుందని అనుకోకండి.

రైల్వే, బ్యాంకు, పోస్టాఫీసు లాంటి కేంద్ర ఉద్యోగాలకైతే ఈ తలనొప్పి తక్కువ. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులో మళ్లీ స్పష్టం చేసింది. ఆ ప్రకటన ప్రింటు తీసి దగ్గర పెట్టుకుంటే ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ధైర్యంగా ఉంటుంది.

తెలుగు మీద ప్రేమతో ఎం.ఏ. చదవాలనుకునేవాళ్లూ వస్తారు, తక్కువే అయినా. వాళ్లొచ్చిన రోజు నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. ఆయన పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకి ముప్పై రూపాయల జీతం మీద చేరి, ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ. (అప్పటి ఇంటర్) కట్టారు, తర్వాత బి.ఏ. కట్టి 1896కి పూర్తి చేశారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ప్రైవేటుగా కట్టి పాసయ్యారన్న సంగతి మా కౌంటరు దగ్గర నేనే చెబుతుంటాను.

డిస్టెన్సా, ఆన్‌లైనా?

ఈ రెండు మాటల్నీ జనం కలిపేస్తారు. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఇవి వేర్వేరు. దూరవిద్య అంటే పుస్తకాలు, అధ్యయన కేంద్రం, కాంటాక్ట్ క్లాసులు. రాష్ట్ర యూనివర్సిటీ తన దూరవిద్యని తన రాష్ట్రం హద్దులోనే నడపాలి. గుణుపురంలోనో రాయగడలోనో ఆంధ్రా యూనివర్సిటీ అధ్యయన కేంద్రం ఉండకూడదు, ఉండదు. ఎవరైనా బోర్డు పెడితే అది ఫ్రాంచైజీ బేరం. ఫ్రాంచైజీని యూజీసీ పూర్తిగా నిషేధించింది. కాబట్టి అక్కడ చేరాలంటే క్లాసుకైనా పరీక్షకైనా మనమే హద్దు దాటాలి. పర్లాకిమిడి వాళ్లకి అది పెద్ద కష్టం కాదు. ఆటో ఎక్కితే ఆంధ్రాలోని పాతపట్నం. మల్కన్‌గిరి వాళ్లకి మాత్రం అది ప్రయాణంలా ఉండదు, వలసలా ఉంటుంది.

ఆన్‌లైన్ కోర్సుకి ఈ హద్దు లేదు. పాఠాలు, చర్చలు అన్నీ ఇంటర్నెట్‌లోనే. ఇంట్లో నెట్‌వర్క్ నిలకడగా ఉంటే మంచిదే. మా వైపు కొండ ఊళ్లలో వర్షం పడితే సిగ్నల్ పోతుంది, అలాంటి చోట ఆన్‌లైన్ డిగ్రీ వద్దనే చెబుతాను.

మూడో దారి ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1985లో పార్లమెంటు చట్టంతో వచ్చిన జాతీయ విశ్వవిద్యాలయం కాబట్టి హద్దు గొడవ లేదు. కోరాపుట్‌లో ప్రాంతీయ కేంద్రమే ఉంది. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వాళ్లకి ఏ పనున్నా ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. ఇబ్బందల్లా భాషతో. పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటాయి. తెలుగులో పుస్తకం కావాలంటే పేరున్నది హైదరాబాదులోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది, దేశంలో తొలి ఓపెన్ యూనివర్సిటీ అదే. దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా చేసిన జి. రాంరెడ్డి గారే తర్వాత ఇగ్నోకి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. దాని తెలుగు పాఠ్యపుస్తకాలు పోటీ పరీక్షల వాళ్లు కూడా చదువుతారు. అక్కడ చేరకపోయినా పాత పుస్తకాలు దొరికితే కొనుక్కోండి.

నా మాట అడిగితే: పర్లాకిమిడి, గుణుపురం వాళ్లు తెలుగు మీడియం కావాలంటే వైజాగ్, రాయగడ దాటి లోపలికి వెళితే ఇగ్నో. ఉద్యోగం చేస్తూ సెలవు దొరకనివాళ్లు ఎక్కడున్నా ఇగ్నోనే.

గుర్తింపు చూసే పద్ధతి

"యూజీసీ గుర్తింపు ఉంది" అని పాంప్లెట్ మీద రాస్తే సరిపోదు. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, మీరు చేరే కోర్సుని ఆ సెషన్‌లో దూరవిద్యలో నడపడానికి అనుమతి ఉండటం వేరు. యూజీసీ దూరవిద్యా మండలి వెబ్‌సైట్లో సెషన్ వారీగా జాబితా ఉంటుంది. జూలై సెషన్, జనవరి సెషన్ వేర్వేరు. అందులో యూనివర్సిటీ పేరు, దాని కింద మీ కోర్సు పేరు ఉన్నది ఉన్నట్టు కనబడాలి. కనబడిన పేజీని ప్రింటు తీసి తారీఖు వేసి దాచండి. అయిదేళ్ల తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు "మీరు చేరిన ఏడు అనుమతి ఉందా?" అని అడుగుతారు.

దూరవిద్యలో అసలే ఉండనివి కొన్ని ఉన్నాయి. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, లా, వ్యవసాయం. 2025 జూలై సెషన్ నుంచి సైకాలజీ, న్యూట్రిషన్ లాంటి ఆరోగ్య సంబంధ కోర్సులు కూడా ఆపేశారు. "డిస్టెన్స్‌లో నర్సింగ్ ఇప్పిస్తాం" అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, టీ కూడా తాగొద్దు.

పీహెచ్‌డీ కూడా దూరవిద్యలో లేదు. ఆ కోరిక ఉన్నవాళ్లు దూరవిద్యలో ఎం.ఏ. చేసి, నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి, తర్వాత క్యాంపస్‌లో చేరాలి. నెట్‌లో తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంది. జనరల్ వాళ్లకి పీజీలో 55 శాతం మార్కులు కావాలి, దూరవిద్య పీజీ అయినా చెల్లుతుంది.

కాగితాలు: ఇక్కడే సగం మంది ఆగిపోతారు

పదో తరగతి సర్టిఫికెట్, ప్లస్ టూ మార్కుల షీటు, ఫొటో, సంతకం, ఆధార్. ఇవి అందరికీ ఉంటాయి. సరిహద్దు దాటేవాళ్లకి ఇంకో రెండు కావాలి. ఒకటి సి.ఎల్.సి., అంటే కాలేజీ వదిలిన సర్టిఫికెట్. ఆంధ్రావాళ్లు దీన్నే టీసీ అంటారు. ఫారంలో "టీసీ" అని అడిగితే "మాకు ఇవ్వలేదు" అని ఒకమ్మాయి వారం తిరిగింది. సి.ఎల్.సి. బ్యాగులోనే ఉంది. రెండోది మైగ్రేషన్ సర్టిఫికెట్. వేరే రాష్ట్రం యూనివర్సిటీలో చేరుతున్నారు కాబట్టి ప్లస్ టూ బోర్డు నుంచి తెచ్చుకోవాలి. కాలేజీలోనే వస్తే తీసుకోండి, లేకపోతే బోర్డుకి అప్లై చేయండి. అడ్మిషన్ చివరి తేదీకి నెల ముందే ఈ పని పెట్టుకోవాలి.

ఇక పేరు. మొన్న ఒక అక్క వచ్చింది. పదో తరగతిలో 'సావిత్రి బెహరా' అని ఉంది, ఇంటిపేరు వెనక. ఆధార్‌లో 'బెహరా సావిత్రి', ఇంటిపేరు ముందు. బ్యాంకు పుస్తకంలో 'బి. సావిత్రి'. "ముగ్గురూ నేనే తమ్ముడూ" అని నవ్వింది. కంప్యూటర్ నవ్వదు కదా. ఒడిశా స్కూల్లో మాస్టారు తన పద్ధతిలో రాసుకుంటారు, ఇంట్లో మన పద్ధతి మనది. మా వైపు పదిమందిలో కనీసం నలుగురికి ఈ తేడా ఉంటుందని నా కౌంటరు అనుభవం. ఏం చేయాలంటే, పదో తరగతి సర్టిఫికెట్‌ని మూలంగా పెట్టుకుని ఆధార్‌ని దానికి సరిపోయేలా మార్పించండి. తిరగేసి చేయబోతే బోర్డు చుట్టూ ఏళ్లు తిరగాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అక్కలు కూడా చదువు కాగితాల వరకు పుట్టింటి పేరే ఉంచుకోవడం సుఖం.

ఐడీల వరస

2024 సెప్టెంబరు నుంచి దూరవిద్యలో చేరేవాళ్లందరికీ డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా మండలి ఇచ్చే నంబరు) తప్పనిసరి. ఇది లేకుండా యూనివర్సిటీ ఫారం ముందుకి కదలదు. వరస తప్పితే పని రెండింతలవుతుంది కాబట్టి ఇలా చేయండి.

మొదట ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు లింక్ అయి ఉందో చూడండి. ఓటీపీ దానికే వస్తుంది. ఆంధ్రాలో పని చేసినప్పుడు తీసుకున్న సిమ్ లింక్ చేసి, ఊరొచ్చాక దాన్ని పారేసినవాళ్లు ఎందరో. అలాంటివాళ్లు ముందు ఆ నంబరు మార్పించుకోవాలి. ఆ తర్వాత డిజిలాకర్‌లో ఖాతా తెరిచి, అందులోంచి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ తీయండి. పన్నెండు అంకెలు ఉంటుంది. దానితో యూజీసీ డెబ్ పోర్టల్లో నమోదైతే డెబ్ ఐడీ వస్తుంది. అది జీవితాంతం ఒక్కటే. అప్పుడు మాత్రమే యూనివర్సిటీ ఫారం తెరవాలి.

ఫొటో, సంతకం ఎన్ని కేబీలో ఉండాలో ఫారం చెబుతుంది. సంతకం తెల్ల కాగితం మీద నల్ల ఇంకుతో పెట్టి, పగటి వెలుతురులో ఫొటో తీయండి. ఇంకో మాట: ఈమెయిల్ మీదే ఉండాలి. నెట్ సెంటర్ వాడి ఈమెయిల్ ఇస్తే మీ హాల్ టికెట్ కబురు వాడికి వెళ్తుంది. నేను నెట్ సెంటర్ వాణ్నే, అందుకే చెబుతున్నాను.

డబ్బు కట్టేటప్పుడు

ఫీజు యూనివర్సిటీ పోర్టల్లోనే, యూనివర్సిటీ ఖాతాకే. ఇది నా దెబ్బ తగిలిన చోటు. ప్లస్ టూ అయిన ఏడు ఒక కన్సల్టెన్సీ మనిషి "క్లాసులకి రానక్కర్లేదు, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం" అంటే నమ్మి ఫీజు మొత్తం చేతికిచ్చాను. రసీదు మీద వాడి రబ్బరు స్టాంపే ఉంది. యూనివర్సిటీకి ఫోన్ చేస్తే ఆ నంబరుతో అడ్మిషనే లేదన్నారు. ఒక ఏడాది పోయింది. నాన్నకి అసలు సంగతి చెప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఫారం నింపినందుకు మాలాంటివాళ్లకి పది ఇరవై ఇవ్వండి. ఫీజు మాత్రం మీ ఖాతా నుంచే కట్టండి. ఎస్సీ, ఎస్టీలకి కొన్ని కోర్సుల్లో మినహాయింపు ఉంటుంది, ఆ సెషన్ ప్రకటనలో చూడండి.

2022 నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవనిస్తున్నారు. కాలేజీలో ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీని ఇలా అంటారు) చదువుతూ, పక్కన దూరవిద్యలో ఇంకోటి కట్టొచ్చు. తెలివైనవాళ్లకి మంచి అవకాశమే. పరీక్షల తేదీలు ఒకేసారి పడితే మాత్రం ఎవరూ మార్చరు.

చదువు లెక్క

ఒక క్రెడిట్ అంటే ముప్పై గంటల చదువు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు అనుకుంటే 3,600 గంటలు. ఏడాదికి 1,200. రోజుకి మూడు గంటల పైచిలుకు, పండగ రోజుతో సహా. అసైన్‌మెంట్లు, క్లాసులు అన్నీ అందులోకే వస్తాయి. "డిస్టెన్సే కదా, పరీక్ష ముందు చదివేద్దాం" అనేవాళ్లకి ఈ గుణకారం కాలిక్యులేటర్లో చేసి చూపిస్తాను. గంట చదివినా సరే, రోజూ అదే గంట ఉండాలి. మా దగ్గర చదివే ఒక అంగన్‌వాడీ అక్క తెల్లవారుజామున నాలుగున్నరకి లేచేది. పొయ్యి వెలిగించేలోపు రెండు పేజీలు, పిల్లలు లేచేలోపు ఇంకో నాలుగు. ఆవిడ మూడేళ్లలో పాసైంది.

పుస్తకాలు పోస్టులో ఆలస్యంగా వస్తే కూర్చుని ఎదురుచూడొద్దు. ఇగ్నో పుస్తకాలు దాదాపు అన్నీ దాని వెబ్‌సైట్ ఈజ్ఞాన్‌కోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆంధ్రాలో చదివేవాళ్లు కూడా వాటిని పక్కన పెట్టుకోవచ్చు.

మార్కుల్లో 30 శాతం దాకా అసైన్‌మెంట్లవి, మిగిలింది పరీక్షది. అసైన్‌మెంట్ మార్కులు చేతికందే పండు, వదలకండి. చేతిరాతతో, మీ సొంత మాటల్లో రాసి, ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కేంద్రంలో ఇస్తే రసీదు అడగండి. "ఎందుకమ్మా, ఇచ్చావు కదా" అని చిరాకుపడినా అడగండి.

పరీక్ష

ఇగ్నోలో చాలామంది బోల్తా పడేది ఇక్కడ. అడ్మిషన్ ఫీజు కట్టేశాం కదా అనుకుంటారు. పరీక్ష ఫారం విడిగా నింపాలి, పేపరుకింత అని విడిగా కట్టాలి. జూన్, డిసెంబరు పరీక్షలకి వేర్వేరు గడువులు. రెండో ఏడాదికి రీరిజిస్ట్రేషన్ కూడా మీరే చేసుకోవాలి. ఎవరూ పిలిచి చెప్పరు. డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువు ఉంది కాబట్టి ఒక పేపరు పోతే కుంగిపోనక్కర్లేదు.

వైజాగ్ వైపు పరీక్ష అయితే మాకు గుణుపురం, విశాఖ మధ్య తిరిగే రైలు ఉంది. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేసిన చిన్నగేజి లైను తర్వాత గుణుపురం దాకా వచ్చింది, ఇప్పుడు బ్రాడ్‌గేజి. పరీక్ష రోజు ఉదయం బయల్దేరి అందుకుందామనుకోకండి. నౌపడ దగ్గర రైలు ఆగిందంటే దాని ఇష్టం. ముందు రోజే వెళ్లి, కేంద్రం గేటు చూసి, హాల్ టికెట్ రెండు ప్రతులు తీసి, ఒకటి బ్యాగులో, ఒకటి జేబులో పెట్టుకోండి. ఆధార్ ఒరిజినల్ తప్పనిసరి. ఫోన్లో చూపిస్తే లోపలికి పంపని కేంద్రాలున్నాయి.

పాసయ్యాక

మార్కుల షీటు రాగానే పని అయిపోయిందనుకుంటారు. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌కి అప్లై చేయండి. అసలు డిగ్రీ పట్టాకి స్నాతకోత్సవం ప్రకటన వచ్చినప్పుడు విడిగా ఫారం, ఫీజు ఉంటాయి. అదీ గడువులోపే. మళ్లీ వేరే యూనివర్సిటీలో పీజీ చేరాలంటే అక్కడి నుంచి మైగ్రేషన్ కూడా అప్పుడే తీసుకోండి, ఇంకోసారి రైలు ఖర్చు తప్పుతుంది.

ఉద్యోగం వస్తే ఆఫీసువాళ్లు మీ సర్టిఫికెట్ నిజమైనదో కాదో యూనివర్సిటీకి రాసి అడుగుతారు. ఆ ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. డిజిలాకర్‌లో మీ డిగ్రీ కనబడుతుందో లేదో ముందే చూసి ఉంచుకోండి. లేకపోతే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి మీ రిజిస్ట్రేషన్ నంబరుతో ఒక ఈమెయిల్ పంపండి. పట్టా పోస్టులో తెప్పించుకునేవాళ్లు చిరునామాలో జిల్లా, పిన్‌కోడ్, ఫోన్ నంబరు స్పష్టంగా రాయండి. ఒడిశా ఊరి పేరు ఆంధ్రా జిల్లాలో ఉందనుకుని అక్కడే తిరిగి వెనక్కి వెళ్లిపోయిన కవర్లు నేను చూశాను.